పెంగ్విన్, నేను, తెరుచుకోని ఫోల్డరు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. మెడలో యూనివర్సిటీ ఐడీ కార్డు తగిలించుకుని తార్నాక చౌరస్తా నుంచి క్యాంపస్‌లోకి నడిచొచ్చే వాళ్ళందరికీ ఈ జబ్బు కాస్తో కూస్తో ఉంటుందనుకుంటాను, నాకు మాత్రం బాగా ముదిరిపోయింది. నేను మా డిపార్టుమెంటులో ప్రాజెక్ట్ అసిస్టెంటుని. సెమినార్ హాల్లోకి కొత్తగా వచ్చిన విండోస్ కంప్యూటరు, దాని ప్రొజెక్టరు, గోడకున్న స్పీకర్లు అన్నీ నా పెత్తనం కిందే ఉండేవి. హాలు తాళంచెవి నా బ్యాగులోనే తిరిగేది. కంప్యూటరు మీద దుమ్ము పడకుండా ఇంటి నుంచి పూల గుడ్డ తెచ్చి కప్పాను. (మా అమ్మ కుట్టుమిషను మీద కప్పిన గుడ్డకు అది జోడీ. అమ్మను అడిగి తేలేదు.)

పై అంతస్తులోని ల్యాబు పెంగ్విన్‌ది. అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ ఎవరూ వాడేవాళ్ళు కాదు. విండోస్‌కు బదులు ఊరికే దొరికే లినక్స్ తప్ప మరోటి ముట్టనని భీష్మించుకుని, దాని గుర్తయిన పెంగ్విన్ బొమ్మను లాప్‌టాప్ మీదా, హెల్మెట్ మీదా, చివరికి టిఫిన్ డబ్బా మూత మీదా అంటించుకున్న రీసెర్చి స్కాలరు. సిద్దిపేట వైపు పల్లెటూరు వాళ్ళది. డిపార్టుమెంటులో అందరి ఫైళ్ళూ అతను చూసుకునే పాత లినక్స్ సర్వరులోనే ఉండేవి. కింద హాల్లో కూర్చుని, పైన ఆ సర్వరులో ఉన్న ఫోల్డరును నెట్‌వర్క్ మీద తెరవాలి, అంతే పని. పాత కంప్యూటరు ఉన్నన్నాళ్ళూ తెరుచుకుంది. నా కొత్త కంప్యూటరు వచ్చిన రోజు నుంచి మొరాయించింది.

సరిగ్గా అప్పుడే అక్క సెమినారు వచ్చి పడింది. ఆమె మా అందరికీ అక్కే. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేది. పాపను బడిలో దించి, బస్సెక్కి, చెమటలు తుడుచుకుంటూ వచ్చి చదువుకునేది. బీడీలు చుట్టే ఆడవాళ్ళు పనిచేసుకుంటూ పాడుకునే పాటల మీద ఆమె పీహెచ్‌డీ. ఊరూరా తిరిగి తీసిన వీడియోలన్నీ పెంగ్విన్ సర్వరులో ఉన్నాయి. కమిటీ ముందు అవి వేసి చూపిస్తేనే థీసిస్ సమర్పించడానికి అనుమతి వస్తుంది. గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు, మళ్ళీ పొడిగించేది లేదన్నారు.

పెన్‌డ్రైవులో వేసుకొస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమెందుకని మీరనొచ్చు. అంతకుముందు ఏడాది ఎవరిదో పెన్‌డ్రైవు మోసుకొచ్చిన వైరస్ పుణ్యమా అని మా హెడ్ సారు పాఠాలన్నీ ఎందుకూ పనికిరాకుండా పోయాయి. అప్పటి నుంచీ డిపార్టుమెంటులో పెన్‌డ్రైవు నిషిద్ధం. కొత్త కంప్యూటరుకు పెన్‌డ్రైవు పెట్టే రంధ్రాలన్నింటి మీదా ఆయనే దగ్గరుండి మెడికల్ ప్లాస్టర్ వేయించారు. ప్రొజెక్టరు తీగ ఊడదీసి మరో లాప్‌టాప్‌కు పెట్టకుండా దానికీ నాలుగు చుట్లు చుట్టించారు. (ఆస్పత్రిలోంచి అప్పుడే వచ్చినట్టుండేది పాపం.) కాబట్టి దారి ఒక్కటే, నెట్‌వర్క్.

రోగమేమిటో మా ఇద్దరికీ తెలుసు. రెండు కంప్యూటర్లు ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకోవాలంటే రెండింటికీ తెలిసిన పద్ధతి ఒకటుండాలి. పాత పద్ధతికి భద్రత లేదని కొత్త విండోస్ దాన్ని మానేసింది. పెంగ్విన్ తన సర్వరుకు ఆ పాత పద్ధతి తప్ప ఇంకోటి అలవాటు చేయలేదు. ఇద్దరిలో ఎవరో ఒకరు మారితే చాలు. ఆ ఒకరు ఎవరన్న దగ్గరే వచ్చింది గొడవంతా. క్యాంటీన్లో అందరి ముందూ నేను, ఊరికే వచ్చిన సామాను ఇలాగే ఉంటుందని అతని లినక్స్‌ను అన్నాను. అతను చాయ్ కప్పు కింద పెట్టి, "మీ విండోస్‌కు నఖరాలెక్కువ. దాని ఓనర్‌కు ఇంకా ఎక్కువ" అన్నాడు. అంతే, మాటలు బంద్. ఆ తరువాత ఏం చెప్పుకోవాలన్నా అక్క ద్వారానే చెప్పుకున్నాం, అతను నా ఎదురుగా కూర్చుని ఉన్నా సరే.

అక్క మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అటు మాట ఇటు, ఇటు మాట అటు ఓపిగ్గా మోసింది. ఒక మధ్యాహ్నం మాత్రం బస్టాపులో నా పక్కన నిలబడి, రోడ్డు వైపే చూస్తూ, "గీసారి గాకపోతే ఇంట్ల ఇగ సదువు బందు వెట్టమంటరు చెల్లే" అంది. ఎప్పుడూ నవ్వే మనిషి గొంతు అలా వినేసరికి నాకు సిగ్గేసింది. ఆ శనివారం ఎవరూ లేకుండా చూసి హాలు తాళం తీశాను. ఇంటర్నెట్టులో ఎవరో మహానుభావుడు రాసిపెట్టినట్టు చేసి, కొత్త పద్ధతి మరిచిపోయి పాతదే మాట్లాడమని నా కంప్యూటరుకు గట్టిగా చెప్పాను. ఫోల్డరు ఠకీమని తెరుచుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే పెంగ్విన్ గెలిచినట్టు. సోమవారం సెమినారులో దానంతటదే తెరుచుకుంటుంది, ఎందుకు తెరుచుకుందో తెలియక అతను జుట్టు పీక్కుంటాడు అనుకుంటూ హాయిగా ఇంటికెళ్ళి నిద్రపోయాను.

సోమవారం పొద్దున మెట్ల దగ్గర పెంగ్విన్ ఎదురుపడ్డాడు. నన్ను చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. ఎవరి నవ్వు వాళ్ళు నవ్వుకున్నామని తరువాత తెలిసింది.

హాల్లో ముందు వరసలో సారు, బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినరు, మరో ఇద్దరు మేడమ్‌లు. వెనక వరసలో, కొత్త చీర కట్టుకుని, ఒళ్ళో గుడ్డసంచీ పెట్టుకుని అక్క వాళ్ళమ్మ. ఆమె కూడా బీడీలు చుట్టిన మనిషే, ముఖ్యమైన వీడియోలో పాడింది ఆమే. అక్క ఉపోద్ఘాతం చెప్పి నా వైపు చూసింది. నేను మహారాణిలా మౌసు నొక్కాను. ఫోల్డరు తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ నొక్కాను. తెర మీద ఎర్రటి గుర్తు తప్ప ఏమీ లేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ పెంగ్విన్ నవ్వు ఆపేసి నా పక్కకు పరుగెత్తుకొచ్చాడు.

"ఏం మార్చినవ్ నువ్వు?"

"నీ పాత పద్ధతికి మార్చాను. శనివారం తెరుచుకుంది."

"నేను నిన్న సర్వర్‌ను నీ కొత్త పద్ధతికి మార్చిన" అన్నాడు నీరసంగా. "హాస్టల్ దోస్తు విండోస్ల చూసిన, మంచిగ ఓపెన్ అయింది."

మాటలు బంద్ అయ్యాక మేం మాట్లాడుకున్న మొదటి మాటలవి. అతను నాకోసం మారాడన్న సంతోషం ఒక క్షణం లోపల పొంగింది. ఆ సంతోషంలోనే ఇద్దరం ఒకేసారి బుద్ధి తెచ్చుకుని, ఇప్పుడే వెనక్కి మార్చేస్తానని ఒకరి మాట ఒకరు వినకుండా అనేసి, అతను పైకి పరుగెత్తాడు, నేను కీబోర్డు మీద పడ్డాను. నా కంప్యూటరు ఆగి, మళ్ళీ మొదలై, చుక్కలు గుండ్రంగా తిప్పుకుంటూ తాపీగా లేచింది. కమిటీకి చాయ్ తెప్పించారు. మౌసు నొక్కాను. తెరుచుకోలేదు. ఇప్పుడు నేను కొత్త, అతను పాత. ఏడుపొచ్చింది.

సారు గడియారం చూసుకున్నారు. ఆ నిశ్శబ్దంలో వెనక వరస నుంచి అక్క వాళ్ళమ్మ తన పక్కావిడను మెల్లగానే అడిగింది గానీ హాలంతా వినపడింది: "గీళ్ళిద్దరు మొగడు పెండ్లామా ఏంది?"

అందరూ నవ్వారు, ఎగ్జామినరుతో సహా. అక్క నవ్వలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి, భుజం మీద చేయి వేసి కుర్చీలోకి అదిమింది. "నువ్వు గా కీబోర్డు ముట్టకు చెల్లే. చేతులు ఒళ్ళె వెట్టుకొని కూసో." నేను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను, ఒకటో తరగతి పిల్లలా. తరువాత అక్క ఫోను తీసి పెంగ్విన్‌కు చెప్పింది: "తమ్మీ, నువ్వొక్కనివే మార్చు. ఆమె కదలది, నేను పట్టుకున్న."

కాసేపటికి ఫోల్డరు తెరుచుకుంది. తెర నిండా ఒక పెంకుటింటి అరుగు, ఒళ్ళో చేట, చేటలో తునికాకు, చకచకా చుడుతున్న వేళ్ళు, గోడ మీది స్పీకర్లలోంచి ఆ పెద్దావిడ గొంతు. వెనక వరసలో ఆమె తన గొంతుతో తానే సన్నగా కలిసి పాడసాగింది. సంచీ మీద ఆమె వేళ్ళు లేని బీడీలు చుడుతున్నాయి. ఎగ్జామినరు పెన్ను కింద పెట్టి వెనక్కి తిరిగి ఆమెనే చూస్తూ ఉండిపోయారు. అక్కకు అనుమతి ఆ రోజే వచ్చింది. కారిడార్లో నన్నూ పెంగ్విన్‌నూ చెరో చేత్తో దగ్గరికి లాక్కుని ఏడ్చేసింది. మేమూ ఏడ్చాం, అతను మాత్రం ఈ రోజుకీ ఒప్పుకోడు.

ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడానికి మాకు మరికొంత కాలం పట్టింది. ఇప్పుడు తార్నాకలోనే ఉంటున్నాం. పెంగ్విన్ బొమ్మ మా ఫ్రిజ్ మీద కూడా ఉంది. అక్క ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతోంది, ఫోను చేసినప్పుడల్లా ముందు అడిగేది ఒకటే: "ఇయ్యాల ఎవలు కూసున్నరు?"

మొన్న పెంగ్విన్ వాళ్ళ ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాలా, మా ఆఫీసు పని చూసుకోవాలా అని పెద్ద గొడవే అయింది. మాటలు బంద్. రెండో రోజు నేను బ్యాగు సర్ది, సెలవు చీటీ పంపేసి హాల్లోకి వస్తే, అతను ఊరికి తీసిన టికెట్లు రద్దు చేసి, నా లంచ్ బాక్స్ కడుగుతున్నాడు. బ్యాగును చూశాడు, నేను బాక్సును చూశాను. ఇద్దరం ఒకేసారి నోరు తెరవబోయాం. ఎందుకో ఆ పూల గుడ్డా, ఆ ఐడీ కార్డు పిల్లా గుర్తొచ్చి నవ్వొచ్చింది. అప్పటి ఆ పిల్లకు అన్నీ తెలుసు, ఇదొక్కటి తప్ప. నేను సోఫాలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అతను తడి చేతులు తుడుచుకుని, మళ్ళీ టికెట్లు తీశాడు.