అత్తయ్య నడుము, నా కారు స్ప్రింగులు

మా ఆయనకు కారు నడపడం రాదు. నేర్చుకోమని పెళ్ళయిన కొత్తలో చెప్పాను, మహదేవపురకు ఇల్లు మారినప్పుడు చెప్పాను, ఔటర్ రింగ్ రోడ్డు అంతా మెట్రో కోసం తవ్వి పోశాక చెప్పడం మానేశాను. అయినా ఆ సస్పెన్షన్ షాపులోకి మేమిద్దరం అడుగు పెట్టగానే యజమాని కుర్చీ లాగింది ఆయనకే. "బండిని ఎంత కిందికి దించాల సార్?" అని అడిగిందీ ఆయన్నే. మా ఆయన గంగిరెద్దులా తలూపి నా వైపు చూశారు.

"దించొద్దు," అన్నాను.

"దించకుండా కాయిలోవర్లు ఎందుకు సార్? అందరూ దించేకే వస్తారు," అన్నాడతను, మళ్ళీ మా ఆయనతోనే.

కాయిలోవర్ అంటే స్ప్రింగూ, దాని మధ్యలో షాక్ అబ్జార్బరూ కలిసి ఒకే ముక్కగా వచ్చే సామాను. కింద మర తిప్పితే బండి ఎత్తు మారుతుంది. పైన చిన్న నాబ్ తిప్పితే బిగువు మారుతుంది, క్లిక్కు క్లిక్కుకూ ఒక మెట్టు. స్ప్రింగు మాత్రం కొన్నది కొన్నట్టే ఉంటుంది. గట్టిది కొని, ఎంత నాబ్ తిప్పినా అది మెత్తబడదు. ఈ చివరి మాట అర్థం కావడానికి నేను చూసిన వీడియోలకు లెక్క లేదు. వాటిలో ఒకడు చెప్పినదాన్ని ఇంకొకడు ఒప్పుకోడు. పైగా ఎవడి రోడ్డు మీదా మన గుంతలు ఉండవు. అద్దంలాంటి రోడ్డు మీద నిలబడి గుంతల గురించి చెబుతారు.

నా పాత హ్యాచ్‌బ్యాక్ షాకులు ఎలాగూ పోయాయి. కొత్తవి ఎలాగూ వెయ్యాలి. వేసేదేదో నాకు నచ్చినవి వేద్దామనుకున్నాను. దేవనహళ్ళి అవతల ఒక చిన్న ట్రాక్ ఉంది. డ్యూటీ లేని రోజు చూసుకుని, ఏడాదిలో రెండు మూడు సార్లు అక్కడికి వెళ్ళి బండి తోలుకుంటాను. నేను ఆస్పత్రిలో ఎముకల వార్డు నర్సుని. పొద్దున్నుంచీ "సిస్టర్, సిస్టర్" అనే కేకలు, ఇంటికొస్తే ఇంకో రకం కేకలు. హెల్మెట్ పెట్టుకున్నాక నన్ను ఎవరూ పిలవరు. ఆ సుఖం ఏమిటో చెబితే మా ఆయనకు అర్థం కాదు. "గుండ్రంగా తిరిగి మళ్ళీ బయల్దేరిన చోటికే వచ్చేదానికి అంత పెట్రోలా?" అంటారు.

ఇక రెండో పక్క మా అత్తయ్య. కిందటేడు స్నానాల గదిలో జారిపడి నడుము దగ్గర ఒక పూస చిట్లింది. అతుక్కుంది. కానీ ఆటో ఎక్కకూడదు, బస్సు ఎక్కకూడదు, కుదుపు తగలకూడదు. వారంలో ఆవిడ గడప దాటేది ఒక్క ఆదివారమే, వర్తూరులో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధనకి. ఆ మందిరం రేకుల షెడ్డుగా ఉన్నప్పటి నుంచీ ఆవిడ అక్కడి మనిషి. ఆవిడను తీసుకెళ్ళేది నా కారే. నా స్ప్రింగులు గట్టివైతే ఆవిడకు ఆదివారం లేదు.

మా ఆయన తేలిగ్గా తేల్చేశారు. "అమ్మ కావాలా, ట్రాక్ కావాలా, ఏదో ఒకటి అనుకో." అడ్జస్ట్ చేసుకునే సస్పెన్షన్ కొంటున్నదే రెండూ కావాలని కదా అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఆదివారానికి మెత్తగా, ట్రాక్‌కి బిగువుగా తిప్పుకుంటాను. ఇంతే సంగతి. దీనికి ఇంట్లో అంత రాద్ధాంతం.

షాపులో మిగిలిన ప్రశ్న స్ప్రింగులది ఒక్కటే. మెత్తటి రకం ఒకటి, గట్టి రకం ఒకటి. గట్టి స్ప్రింగులు యజమాని సొంత బండికి ఉన్నాయి. తర్వాతి శనివారం అత్తయ్యను వెంటబెట్టుకుని వెళ్ళాను. అతన్ని ఒప్పించి, అతని బండిలో ఆవిడను వెనక కూర్చోబెట్టి, సర్వీస్ రోడ్డు మీద నేనే నడిపాను. అతుకులు వేసిన రోడ్డు, రెండు స్పీడ్ బ్రేకర్ హంపులు, కేబులు వేసి సరిగ్గా పూడ్చని ఒక కాలువ. అన్నిటి మీదా పోనిచ్చాను.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"బాగుండాదమ్మా."

"నడుముకు తగిలిందా?"

"ఏం లేదు. బాగుండాది."

వార్డులో మేం నొప్పిని అంకెల్లో అడుగుతాం. సున్న అంటే నొప్పి లేదు, పది అంటే తట్టుకోలేనంత. ఆవిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఈ లెక్క నేనే నేర్పాను. అందుకని అలాగే అడిగాను.

"సున్న నుంచి పది దాకా ఎంత చెప్పండి."

"దేవుని కృప," అంది అత్తయ్య.

ఆస్పత్రిలోనూ ఇదే జవాబు. పూస చిట్లి పడుకున్న మనిషిని ఎంత నొప్పి అని అడిగితే దేవుని కృప అంటే, కేస్ షీట్‌లో ఏం రాయాలి? మా వాళ్ళలో ఇదొక పద్ధతి. నొప్పి అని చెబితే దేవుడి మీద ఫిర్యాదు చేసినట్టు. బండి ఎక్కించుకున్నవాళ్ళకి కుదిపింది అని చెబితే వాళ్ళ మొహం మీద తలుపు వేసినట్టు. ఇవన్నీ తెలిసి కూడా, ఆ రోజు ఆవిడ మొహం ప్రశాంతంగా కనబడితే నిజమే కాబోలు అనుకున్నాను. గట్టి స్ప్రింగులే వేయించాను. ట్రాక్‌కి అవే మంచివి మరి.

బిగించాక బండి రోడ్డును పట్టుకున్నట్టు మలుపు తిరుగుతోంది. నాకు చాలా సంతోషం కలిగింది, దాచుకోను. ఆదివారం బయల్దేరే ముందు నాబులు మెత్తటి వైపు తిప్పేదాన్ని. వెనక చక్రాలవి డిక్కీలో కార్పెట్ ఎత్తితే చేతికి అందుతాయి. అత్తయ్య వెనక సీట్లోనే కూర్చునేది. ముందు కూర్చోండి, అక్కడ కుదుపు తక్కువ అని ప్రతి వారం చెప్పేదాన్ని. "మగోడు ముందర కూచోవాల," అనేది. ఆ మగవాడు ముందర కూర్చుని ఫోన్ చూసుకునేవారు.

మందిరం దగ్గర దిగాక అడిగేదాన్ని. బాగుండాది. తర్వాతి వారం మెత్తదనం రెండు క్లిక్కులు తగ్గించి అడిగాను. బాగుండాది. ట్రాక్ రోజు దగ్గర పడుతోంది, ప్రతిసారీ అంతంత తిప్పడం దేనికని ఇంకాస్త బిగించి అడిగాను. బాగుండాదమ్మా, దేవుని కృప. గోడను అడిగినా ఒక్కోసారి ఒక్కో రకంగా పలుకుతుందేమో. ఈవిడకు మాత్రం బిగించినా వదిలినా ఒకటే మాట.

తర్వాత రెండు ఆదివారాలు ఆవిడ రాలేదు. ఒకసారి కాళ్ళు లాగుతున్నాయంది, ఇంకోసారి ఫోన్‌లో పెట్టిస్తే ఇంట్లోనే వింటానంది. ఫోన్‌లో ఆరాధన ఏమి ఆరాధన అని ఊరందరినీ దెప్పిన మనిషి. నాకు అనుమానం రావలసింది. వచ్చింది కూడా, కానీ అడిగితే "బాగుండాను" అంది.

సంఘం వార్షికోత్సవానికి మాత్రం ఆగలేకపోయింది. తెల్లచీర కట్టుకుని, నడుము కింద దిండు పెట్టుకుని, వెనక కూర్చుంది. వర్తూరు చేరేసరికి ఆకాశం ఒక పక్క, గుంత ఒక పక్క అన్నట్టు ఉంది రోడ్డు. కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ ఉంటే అద్దంలో చూసి, కీర్తన పాడుకుంటోంది కాబోలు అనుకున్నాను.

మా సంఘంలో పాటలయ్యాక సాక్ష్యాలకు సమయం ఇస్తారు. ఆ వారం దేవుడు ఎవరికి ఏం మేలు చేశాడో లేచి చెప్పాలి. ఉద్యోగం వచ్చినవాళ్ళు, జ్వరం తగ్గినవాళ్ళు చెప్పారు. అప్పుడు స్త్రీల వరుసలో అత్తయ్య ముందు కుర్చీ పట్టుకుని లేచింది. మైకు ఇచ్చారు.

"పోయిన సంవత్సరం బచ్చలింట్లో పడి నడుము ఇరిగినదాన్ని, నన్ను లేపి నడిపిచ్చినాడు దేవుడు. ఇప్పుడు మా కోడలు కారుకి కొత్త స్ప్రింగులు ఏపిచ్చుండాది. ఏపిచ్చినప్పట్నుంచి మహదేవపుర కాడ ఎక్కితే వర్తూరులో దిగేదాకా, ప్రతి హంపు కాడా, అయిపాయ, ఈసారి నడుము పాయ అనుకుంటాను. యేసయ్యా అంటాను. ప్రతి హంపు కాడా పట్టుకున్యాడు. ఈ పొద్దు గూడా ఒక్క ఎముక ఇరగనీకుండా తెచ్చినాడు. దేవునికి స్తోత్రం."

"స్తోత్రం," అంది సంఘమంతా.

మందిరం మొత్తం నా వైపు తిరిగింది. పాస్టరు గారు సౌమ్యంగా నవ్వి, రాకపోకల్లో క్షేమం కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. నేను తల వంచుకుని, కళ్ళు మూసుకుని, ప్రార్థన తప్ప అన్నీ చేశాను. తలప్రాణం తోకకొచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపమంటుంది సామెత. దుత్త లేదు, పక్క వరుసలో మా ఆయన ఉన్నారు. దారి పొడుగునా ఆయన్నే దులిపాను. "నేనేం చేశాను?" అన్నారు పాపం. ఏమీ చెయ్యలేదు, అదే కదా.

ఇంటికొచ్చాక అత్తయ్య వంటింట్లో స్టూలు మీద కూర్చుని అనపకాయలు ఒలవడం మొదలుపెట్టింది. నేను ఎదురుగా నిలబడ్డాను.

"ప్రతి వారం అడిగాను కదా అత్తయ్యా. బాగుందన్నారు కదా."

"అన్యాను."

"మరి మైకు పట్టుకుని అంతమందికీ అలా చెప్పారేంటి?"

"అంతమందికి చెప్పలేదమ్మా, దేవునికి చెప్పినా. దేవుని ముందర అబద్దం చెప్పేకి అవుతుందా?"

"నాకైతే అబద్ధం చెప్పొచ్చా?"

ఆవిడ కాయలు ఒలుస్తూనే ఉంది. తల ఎత్తకుండానే అంది: "ఈ ఇంటికి వచ్చినప్పట్నుంచి నీకని నువ్వు అడిగి తెచ్చుకున్నది ఏముండాది? అదొగటే. అది బిగిచ్చుకోని వచ్చిన పొద్దు నీ మొగం చూసినా. దానికి నేను ఎట్ల వంక పెట్టేది?"

నాకు ఏడుపు వచ్చింది. ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. నన్ను ఇంత బాగా చూసుకునే మనిషి, ఆ చూసుకోవడం కోసం తన నడుము మీద, తన ఆదివారం మీద దెబ్బ పడనిస్తుందా? నేను ఎముకల వార్డులో పనిచేసేది ఎందుకు?

"ఆ నాబులు పెట్టింది తిప్పడానికే," అన్నాను. "మీరు చెప్పకపోతే ఎటు తిప్పాలో నాకెలా తెలుస్తుంది? వంక పెడితేనే అది బాగవుతుంది. మీరు బాగుండాది అన్నంతకాలం అది బాగుపడదు."

అత్తయ్య ఒలిచిన గింజలు నా వైపు జరిపింది.

మర్నాడే షాపుకి వెళ్ళి మెత్తటి స్ప్రింగులు వేయమన్నాను. ఈసారి ఒంటరిగా వెళ్ళాను. యజమాని నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని గుమ్మం వైపు చూసి, "సార్‌ని ఒక మాట అడగండి మేడమ్, ట్రాక్ మీద బండి వాలుతుంది," అన్నాడు. వాలనివ్వండి, నేనూ దానితోపాటు వాలతాను అన్నాను. వాలింది కూడా. దేవనహళ్ళి అవతల మలుపుల్లో నాకంటే వెనక ఉండే బళ్ళు ఇప్పుడు నన్ను దాటి పోతున్నాయి. నాకు నచ్చలేదు. ఈ రోజుకీ నచ్చదు. కానీ హెల్మెట్ లోపల నిశ్శబ్దం మాత్రం ఎప్పటిలాగే ఉంది.

స్ప్రింగులు మార్చాక వచ్చిన ఆదివారం అత్తయ్య తయారై వచ్చింది. ముందు కూర్చోండి అన్నాను. "మగోడు..." అని మొదలుపెట్టింది. మా ఆయన ఆ మాట పూర్తి కాకముందే వెనక తలుపు తీసుకుని ఎక్కేశారు. పెళ్ళయ్యాక ఆయన సొంతంగా తీసుకున్న నిర్ణయాల్లో ఇదొకటి. ఆవిడ గొణుక్కుంటూ నా పక్కన కూర్చుంది. మహదేవపుర దాటాం. ఒక హంపు, ఇంకొకటి. కడుపులో చల్ల కదలకుండా వెళ్తున్నామనే అనిపించింది నాకు. అయినా నోరు ఊరుకోక అడిగాను.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"బాగుండాది."

నిట్టూర్చి గేరు మార్చాను. ఈ జన్మకింతే అనుకున్నాను. వర్తూరు చెరువు దాటాక రోడ్డుకి అడ్డంగా ఒక హంపు ఉంది, రంగు వెయ్యరు, బోర్డు పెట్టరు. ఎంత మెల్లగా ఎక్కించినా ముందు చక్రాలు దిగేటప్పుడు ఒక్క కుదుపు తగిలింది. అత్తయ్య చెయ్యి తలుపు పిడి మీద బిగిసింది. కొంచెం దూరం పోయాక, కిటికీలోంచి బయటికి చూస్తూనే, చాలా చిన్న గొంతుతో అంది:

"అది నాలుగమ్మా, పదికి."

నేను వెంటనే ఇండికేటరు వేసి బండి రోడ్డు వారగా ఆపాను. ఆవిడ కంగారు పడింది. "ఏమయ్యింది, ఎందుకు నిలిపినావు?" ఏమీ కాలేదు అత్తయ్యా అని చెప్పి, దిగి, బానెట్ ఎత్తి, ముందు నాబులు రెండూ ఇంకాస్త మెత్తటి వైపు తిప్పాను. వెనక బస్సువాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. కొట్టుకోనీ. నాకు కళ్ళు మసకబారి క్లిక్కుల లెక్క తప్పింది, మళ్ళీ మొదటి నుంచి తిప్పాను.