మంజీర ఒడ్డున అక్క, బాపు

అక్క నది దాటి వెళ్లిపోయేనాటికి నేను ఇంకా బడిలో చదువుతున్నాను. చెరకు లారీ నడిపే ఒక మరాఠీ అతన్ని చేసుకుంది. అప్పట్లో రుద్రూర్ చుట్టుపక్కల ఎటు చూసినా చెరకే. సీజనులో బోధన్ ఫ్యాక్టరీ దాకా బండ్లూ లారీలూ బారులు కట్టేవి. ఆ బారులో అతని లారీ మా పొలం పక్కన ఆగేది. తాగడానికి నీళ్లు అడిగేవాడు, అక్క తెచ్చి ఇచ్చేది.

ఆమె వెళ్లిన తెల్లారి బాపు వాకిట్లో నిలబడి, చూడవచ్చిన వాళ్లందరితో "నా పెద్ద బిడ్డ సచ్చింది" అన్నాడు. శ్మశానం నుంచి వచ్చినవాడిలా నెత్తిన నీళ్లు పోసుకున్నాడు. తర్వాత ఆ ఇంట్లో ఎవరమూ ఆమె పేరెత్తలేదు.

ఫ్యాక్టరీ మూతపడి, చెరకు పోయి వరి వచ్చింది. కొన్నాళ్లకు పొలం కౌలుకిచ్చి మేం నిజామాబాద్ చేరాం. నేను మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తాను. అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చుడుతుంది. ఏడాదికోసారి చుట్టాల పెళ్లని చెప్పి నేనూ అవ్వా బోధన్ వెళ్లి, బస్టాండులో అక్కను చూసి వచ్చేవాళ్లం. ఏ పెళ్లికి వెళ్లారని బాపు ఏనాడూ అడగలేదు.

తర్వాత బాపుకు మరుపు మొదలైంది. మొదట చెప్పులు ఎక్కడ విడిచాడో మర్చిపోయేవాడు. ఆ పైన గల్లీ చివరి కొట్టుకు వెళ్లి, ఇల్లెటో తెలియక అక్కడే కూర్చునేవాడు. ఇది తగ్గే జబ్బు కాదని డాక్టరు చెప్పాడు. ఆ మాట విని వచ్చిన రోజు అవ్వ బీడీల చాట పక్కకు పెట్టి నాతో అంది:

"అన్నీ మరుస్తుండు గదరా. కోపం మాత్రం యాదికుంటదా? మనల్ని గూడ మరవకముందే ఒక్కసారి దాన్ని తోలుకొచ్చి సూపెడదాం."

ఇంటికి రప్పించడానికి మా ఇద్దరికీ ధైర్యం చాలలేదు. చిన్నప్పుడు కార్తీకంలో మంజీర ఒడ్డున వండుకుని తినేవాళ్లం, ఈసారీ అలాగే చేద్దామనుకున్నాం. అక్కకు ఫోన్ చేసి చెప్పాను. "బాపు కొడితే గూడ మంచిదేరా" అంది.

బోధన్ దాటి, మహారాష్ట్ర వైపు వంతెనకు కొంచెం ఇవతల ఆటో దిగాం. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. నదిలో నీళ్లు నిండుగా ఉన్నాయి. బాపు పిల్లాడిలా సంబరపడ్డాడు. అంచు దాకా నడిచి మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి మొహం కడుక్కున్నాడు. ఒడ్డున ఎవరిదో కొద్దిపాటి చెరకు ఉంది. దాన్ని చూసి, "గిది ఇంకో నెలకు కోతకొస్తది" అన్నాడు. తన చెప్పులు గుర్తులేని మనిషికి చెరకు వయసు తెలుస్తోంది! అవ్వ రాళ్లు పేర్చి పొయ్యి పెట్టింది. వంకాయ కూర వాసనకు బాపు రెండుసార్లు వచ్చి మూత తీసి చూసి, అవ్వ చేత తిట్లు తిన్నాడు. ఆయన నవ్వు విని ఎన్నాళ్లయిందో.

అక్క వంతెన మీదుగా నడుచుకుంటూ వచ్చింది. చేతిలో పోలెల గిన్నె. బాపుకు ఈ బొబ్బట్లంటే ప్రాణం. జుట్టు సగం నెరిసింది, నడక అచ్చం అవ్వది. మా జంపఖానా దగ్గరికి వచ్చి నిలబడిపోయింది.

బాపు తలెత్తి చూశాడు.

"నిలవడ్డవేంది బిడ్డా? కూసో. అన్నం తినే యాళ్లయింది" అని పక్కకు జరిగి చోటిచ్చాడు.

అవ్వ గబుక్కున పొయ్యి వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. అక్క ఆయన పక్కన, చీర తగిలేంత దగ్గరగా కూర్చుంది. ఆమె విస్తట్లో కూర తక్కువైందని బాపు తన చేత్తో వేశాడు. పోలె తుంచి నోట్లో పెట్టుకుని, "మస్తుగున్నయి. నువ్వే జేసినవా?" అన్నాడు. అక్క తలూపింది. అయిపోయింది, ఇన్నేళ్ల శిక్ష ఇవాళ్టితో తీరిపోయిందనుకున్నాను. ఆ నాలుగు ముద్దలు తిన్నంతసేపు నేను నిజంగా సుఖంగా ఉన్నాను.

చెయ్యి కడుక్కుని బాపు అడిగాడు: "ఇంతకు మీదే ఊరు బిడ్డా?"

అక్క నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను.

"నది అవతల" అంది మెల్లగా.

"అవతల మాకు ఎవ్వలు లేరు. మీ నాయన ఏం జేస్తడు?"

"ఎవుసం."

"చెరుకా?"

"చెరుకే."

బాపు బాగుందన్నట్టు తలాడించాడు. అక్క పెదవులు తడుపుకుంది. 'బాపూ' అని పిలవడానికే ఆమె అంత దూరం వచ్చింది. ఆ పిలుపు మింగేసి, దారిన పోయే పెద్దమనిషిని అడిగినట్టు అడిగింది:

"నీకెంతమంది పిల్లలు కాకా?"

"ఒక్క కొడుకు, గీడ కూసున్నడు సూడు. ఒక బిడ్డ ఉండె. పెద్దది. సచ్చిపోయింది."

ఆ మాట ఆయన వాకిట్లో అన్న రోజు నేను విన్నాను. అప్పుడది తిట్టు. ఇప్పుడు ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"జరమొచ్చిందా కాకా?"

"ఏమో బిడ్డా. నేను ఆఖరి సూపు గూడ సూడలే. నన్నెవ్వలు పిలవలే."

నాకు ఆగలేదు. "బాపూ, గిదే అక్క! నీ పెద్ద బిడ్డ. సచ్చిపోలే, బతికే ఉంది, సూడు!" అన్నాను ఆయన భుజం పట్టుకుని.

ఆయన ముందు భయపడ్డాడు, తర్వాత మండిపడ్డాడు. "సచ్చినోళ్లతోని పరాచికాలారా? దాని మట్టి గూడ నేను సూడలేదురా!" అంటూ రొమ్ము మీద కొట్టుకున్నాడు. అవ్వ పరిగెత్తుకొచ్చి ఆ చేతులు పట్టుకుంది. అక్క నన్ను నెట్టేసి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"నీ కొడుకు ఉత్తగనే అన్నడు కాకా. నేను వేరేదాన్ని. నువ్వు ఏడ్వకు."

ఆయన చాలాసేపటికి ఊరుకున్నాడు. అక్క తన చెంగుతో ఆయన మొహం తుడిచింది. ఆయన తుడవనిచ్చాడు.

సామాను సర్దుకున్నాం. కూర చాలా మిగిలిపోయింది. ఆటో ఎక్కుతూ బాపు వెనక్కి తిరిగి, "మల్ల రా బిడ్డా" అన్నాడు. మా వైపు ఏ ఆడపిల్లనైనా బిడ్డా అనే పిలుస్తారు.

నేను వంతెన దాకా అక్కతో నడిచాను. "వచ్చే వారం మల్ల సూద్దాం అక్కా, ఫొటోలు సూపెడత" అన్నాను.

"వద్దు తమ్మీ. నేనొచ్చినప్పుడల్లా ఆయనకు బిడ్డ మల్ల సస్తది."

అయినా నేను ఫొటోలు చూపించాను. ఒకసారి కాదు. చూపించినప్పుడల్లా ఆయన ఏడ్చాడు. అవ్వ ఆ ఫొటోలు నా చేతిలోంచి లాక్కుని ఎక్కడో పెట్టేసింది. అక్క మళ్లీ నది ఇవతలికి రాలేదు.

ఈమధ్య బాపు ఏడవడం కూడా మానేశాడు. నన్ను ఫ్యాన్ల మేస్త్రీ అనుకుంటున్నాడు. మొన్న ఆయన పక్కన కూర్చుని, తెలిసి తెలిసీ నేనే అడిగాను: "కాకా, నీకు పెద్ద బిడ్డ ఉండెనా?"



"లేదు. మాకు ఆడపిల్లలు లేరు" అన్నాడు.

సాయంత్రం అక్క ఫోన్ చేసి, "బాపు ఏమంటుండురా?" అని అడిగింది.

"ఏమంటలేడు, మంచిగనే ఉన్నడు" అన్నాను.