నైరుతి మూల చెమ్మ

కాంతమ్మ చేతిలో మోదుగాకు పడితే విస్తరై లేవాల్సిందే. బాపట్లలో తల్లి పక్కన కూర్చుని పుల్ల గుచ్చడం నేర్చుకుంది. రేపల్లెలో కాపురం చేసినన్నాళ్ళూ కుడుతూనే ఉంది. భర్త పోయాక ఎవరి పంచనా చేరనని తెనాలి వచ్చి, మాణిక్యాంబ ఇంటి పడమటి గోడకు ఆనించి దించిన గదిలో అద్దెకు దిగింది. ఏడాది తిరక్కుండానే చుట్టుపక్కల పెళ్ళిపంక్తులకు ఆమె విస్తళ్ళే వెళ్ళసాగాయి.

అరవై ఎనిమిదో సంవత్సరం వానల్లో ఆ గోడ చెమ్మగిల్లింది. మొదట నేల దగ్గర జానెడు నల్లబడింది, తరవాత నడుమెత్తు దాకా పాకింది. శ్రావణంలో అంగలకుదురు పెళ్ళికని కుట్టి పెట్టిన కట్టలు విప్పితే లోపలంతా బూజు. ముహూర్తం వారం రోజులే ఉంది.

మాణిక్యాంబ గుమ్మంలో నిలబడి చూసింది. "ఆకుల మీద నీళ్ళు చల్లేది నువ్వు, నానేది నా గోడ. నెలాఖరుకి వేరే గది చూసుకో కాంతం."

ఎండాకు చిట్లకుండా నీళ్ళు చిలకరించి మెత్తబరచడం ఆ పనిలో ఉన్నదే. తప్పు తనదేనేమో అనుకుంది కాంతమ్మ. మిగిలిన ఆకంతా వసారాలోకి మోసుకుపోయి కుట్టడం అక్కడే పెట్టుకుంది. నాలుగు రోజులు గదిలో చుక్క నీరు పడలేదు. గోడ మాత్రం ఇంకో జానెడు పైకి తడిసింది.

ఐదోనాటి పొద్దున గోడ మీద తెల్లటి పొడి కనబడింది. వేలితో గీస్తే గరగరలాడింది. అటూ ఇటూ చూసి వేలు నాలుకకు ఆనించుకుంది. మరుక్షణం వెళ్ళి మాణిక్యాంబ వంటింటి ముందు నిలబడింది.

"పిన్నిగారండీ, ఒకసారి మా గోడ రుచి చూద్దురుగాని రండి."

"గోడకి రుచేంటే? మతిగాని పోయిందా?"

"పోతే పోయిందిలెండి. వేలి కొసంత చాలు."

మాణిక్యాంబ సణుక్కుంటూ వచ్చి నాకింది. ముఖం చిట్లించింది. "ఉప్పు."

ఆ గోడకు అవతల ఆమె సామాన్ల గది. నైరుతి మూల బరువుండాలని అత్తగారు చెప్పిపోయింది. అక్కడి భోషాణాన్ని నిరుడు చెదలు తినేస్తే, నిజాంపట్నం వైపు నుంచి వచ్చిన ఉప్పు బస్తాలు రెండు ఈ ఎండాకాలంలో ఆ మూలకు చేర్చింది. వెళ్ళి చూద్దురు కదా, వాన గాలికి బస్తాలు కారి గోడ మొదట్లో మడుగు కట్టాయి.

"మూల ఖాళీ చెయ్యకూడదే," అంది మాణిక్యాంబ.

"బరువేగా కావాల్సింది? రోలు జరుపుదామండి. అది కరగదు."

రోలు దొర్లించేసరికి మధ్యాహ్నమైంది. మాణిక్యాంబ రెండుసార్లు చతికిలబడి పైట నోట కుక్కుకుని నవ్వింది.

"గోడా నాదే, ఉప్పూ నాదే. గీకించి సున్నం నేనే వేయిస్తా. నువ్వెక్కడికీ పోనక్కర్లేదు. మరి పాడైన విస్తళ్ళ సంగతేంటి?"

"మళ్ళీ కుట్టడమేనండి. రెండు రోజులుందిగా."

"అయితే పుల్లలు ఇటివ్వు."

ఆమె కుట్టిన మొదటిదాన్ని కాంతమ్మ తిప్పి తిప్పి చూసింది. "ఇది విస్తరాండీ, చేటాండీ?"

"అన్నం పడుతుంది. నోరు మూసుకుని కుట్టు."

పెళ్ళివారి బండి వచ్చి కట్టలన్నీ ఎక్కించుకుపోయింది. మాణిక్యాంబ కుట్టినవి రెండు మాత్రం వసారాలోనే ఉన్నాయి.

"వాటినెందుకు వదిలేశావే?"

"మనమూ భోంచెయ్యాలి కదండీ."

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆ వంకర విస్తళ్ళలోనే తిన్నారు. చారు మాత్రం కాంతమ్మ గిన్నెల్లో పోసింది.