బియ్యం డబ్బాలో వాచీ

ఆ రోజు మా ఆయన మధ్యాహ్నం మూడింటికే ఇంటికొచ్చేశారు. ఎప్పుడూ అలా రారు. రేవు దగ్గర టీ కొట్టులో అరగంట కూర్చుంటే గానీ గుమ్మం తొక్కరు. వచ్చి అరుగు మీద కూలబడి, "రత్నం, కాస్త వీపు గోకవే" అన్నారు. చొక్కా తీసి చూస్తే వీపంతా ఎర్రగా మచ్చలు. కుడి భుజం పీకేస్తోందన్నారు. నీళ్లలో ఏదో పురుగు తగిలిందనుకుని, కొబ్బరినూనె కాచి కర్పూరం వేసి రాశాను.

అది జబ్బు మొదలవ్వడమని నాకు తెలీదు. కానీ ఆ పూట ఆయనకి ఏం తక్కువైందో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. నేను చదివింది ఐదో తరగతి. అయినా జరిగింది జరిగినట్టు గుర్తుంటుంది. నీళ్లలో పనిచేసే మగవాళ్ల ఇళ్లలో ఎవరైనా చదువుతారని దాచకుండా రాస్తున్నాను.

మాది యానాంలో కనకాలపేట. మా ఆయన వీర్రాజు, మా మరిది శ్రీను ఇద్దరూ సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దిగుతారు. అడుగున చిక్కుకున్న వలలు కోస్తారు, లంగర్లు విడిపిస్తారు. మా ఆయన పెద్దవాళ్లని చూసి నేర్చుకున్నారు. శ్రీను పాండిచ్చేరి వెళ్లి కోర్సు చేసొచ్చాడు.

శ్రీను పనికి వెళ్లేముందు, మా పక్కనే ఉన్న వాళ్లింటి అరుగు మీద చాప వేసి సామాను మొత్తం పరుస్తాడు. రెండు చాకులు, రెండు టార్చీలు, నోట్లో పెట్టుకుని గాలి పీల్చే మౌత్‌పీసు ఇంకోటి, చిన్న సిలిండరు, విజిలు, తాడు చుట్ట. వాడి పెళ్లాం సుజాత పక్కన కూర్చుని ఒక్కొక్కటీ ముట్టుకుని "ఇది ఎందుకు?" అని అడుగుతుంది. వాడు చెబుతాడు. మా ఆయన చూసి నవ్వేవారు.

"ఏంట్రా, అడుక్కెళ్లి కాపురం పెడతావా?"

"నువ్వు దిగావంటే ఒంటి మీద గోచీ తప్ప ఇంకేం ఉండదు అన్నయ్యా."

"వలలోకి దూరేటప్పుడు ఒంటి మీద ఎన్ని వేలాడితే అన్ని చోట్ల తగులుకుంటాయిరా. నాకు కత్తొకటి చాలు."

నాకు వాళ్ల సామాను మీద కాదు కుళ్లు, ఆ చాప మీద. పదహారేళ్ల కాపురంలో మా ఆయన నాకు ఒక్క వస్తువు పేరు చెప్పలేదు. అడిగితే "నీకెందుకే" అనేవారు. ఆ పిల్లేమో చంటిపిల్లలా అడగడం, వాడు ఓపిగ్గా చెప్పడం. నేను చేపలు తోముతూ వినేదాన్ని. ఒళ్లు మండేది.

ఆ రోజు శ్రీనుకి జలుబు చేసి చెవులు దిబ్బడేశాయి. అలా ఉంటే దిగకూడదట. తెల్లారుతూనే నేను ముగ్గు వేస్తుంటే సుజాత వాడి వాచీ పట్టుకొచ్చింది. ఎంత లోతులో ఉన్నామో, ఎంతసేపు ఉన్నామో, పైకొచ్చేటప్పుడు ఎక్కడ ఆగాలో చూపించే వాచీ అది.

"అక్కా, ఇయ్యాళ లోతు ఎక్కువంట. బావగారికి ఇవ్వమన్నారు. ఇది మొయ్యడానికి బరువు కూడా కాదని చెప్పమన్నారు."

మా ఆయన వెనకాల స్నానం చేస్తున్నారు. తీసుకుని "అలాగే" అన్నాను. అది గేటు దాటగానే వంటింట్లోకి వెళ్లి బియ్యం డబ్బాలో గుచ్చేశాను. దాని మొగుడి వాచీ పెట్టుకుని నా మొగుడు బతకాలా అనిపించింది. అంతే. అంతకన్నా పెద్ద కారణం ఉందని చెప్పను.

ఆ పొద్దున ఒక పడవ లంగరు అడుగున పాత వలలో ఇరుక్కుంటే మా ఆయన మూడుసార్లు దిగారు. మూడోసారి గాలి అయిపోవస్తుంటే ఆగకుండా పైకి వచ్చేశారు.

నూనె రాశాక గంటకి, "కాళ్లు నావి కానట్టున్నాయే" అన్నారు. లేవబోయి గోడ పట్టుకున్నారు. ఒంటేలుకి వెళ్తే రాలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. డ్యూటీ డాక్టరు అడిగింది, "ఏం పని చేస్తారండి?"

"పడవ పనండి" అన్నాను.

డైవింగ్ అంటే తర్వాత వాచీ పెట్టుకున్నారా అంటారు. అందుకు అనలేదు. ఆయన నొప్పితో మాట్లాడే స్థితిలో లేరు. నరం పట్టిందేమోనని ఇంజెక్షను చేసి పడుకోబెట్టారు. రెండు గంటలు అలా పోయాయి. శ్రీను ముక్కు చీదుకుంటూ పరుగెత్తుకొచ్చి, "డైవింగ్ చేసొచ్చాడమ్మా మా అన్నయ్య" అన్నాక ఆ డాక్టరమ్మ మొహం మారింది. వెంటనే ఆక్సిజన్ మాస్క్ పెట్టింది.

"ఈ మాట ముందే చెప్పాలి కదండీ. ఇది డీకంప్రెషన్ సిక్‌నెస్. లోతు నుంచి ఆగకుండా పైకొస్తే రక్తంలో గాలి బుడగలు కడతాయి. స్పైనల్ కార్డ్‌కి దెబ్బ తగిలినట్టుంది."

అంబులెన్సులో వైజాగ్ పంపారు. అక్కడ ఇనప పీపా లాంటి గది ఉంది, హైపర్‌బారిక్ చాంబర్ అంటారు. మళ్లీ సముద్రం అడుక్కి తీసుకెళ్లినట్టు ఒత్తిడి పెట్టి, ఆక్సిజన్ ఇస్తూ నెమ్మదిగా పైకి తెస్తారట. మొదటిసారి ఐదు గంటలు. గుండ్రటి అద్దంలోంచి ఆయన పాదాలు కనపడేవి. కదులుతాయేమోనని వాటినే చూస్తూ నిలబడ్డాను.

ఎమ్మారై తీశారు. "నడుస్తారాండి?" అని పెద్ద డాక్టరుగారిని అడిగాను. "ఎంత వస్తుందో ఇప్పుడు చెప్పలేనమ్మా. ఆలస్యంగా వచ్చారు" అన్నారు. ఆ ఆలస్యంలో రెండు గంటలు నావి.

మర్నాడు సుజాత క్యారేజీ తీసుకొచ్చింది. శ్రీను మంచం పక్కన నిలబడి అడిగేశాడు. "నా వాచీ ఎందుకు పెట్టుకోలేదన్నయ్యా?"

"ఏ వాచీరా?" అన్నారు ఈయన.

సుజాత నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"నేనే ఇవ్వడం మర్చిపోయానండీ" అంది.

శ్రీను అందరి ముందూ దాన్ని తిట్టాడు. అది తలొంచుకుని గిన్నెలు తుడుచుకుంది. నేను నోరు విప్పలేదు.

పది రోజులు రోజుకోసారి చాంబర్‌లో పెట్టారు. ఐదో రోజు కుడి బొటనవేలు కదిలింది. ఫిజియో అమ్మాయి చప్పట్లు కొట్టింది. అంతలో ఒంటేలుకి పెట్టిన గొట్టం, క్యాథెటర్ వల్ల యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి చలిజ్వరం, కదిలిన వేలు కూడా ఆగిపోయింది. ఆ వారం శ్రీనే ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టేవాడు, ఒళ్లు తుడిచేవాడు. వాడు కాఫీ ఫ్లాస్కు పట్టుకుని మెట్లు రెండేసి ఎక్కి వస్తుంటే నాకు వాడి కాళ్లే కనపడేవి. అంత చాకిరీ చేస్తున్నవాడి కాళ్లు చూసి ఏడ్చాను. అదేం బుద్ధో.

జ్వరం తగ్గాక మెల్లగా దారిలో పడింది. రెండు కడ్డీల మధ్య నిలబెట్టి నడిపించేవారు. మొదట మూడడుగులు. నెల తిరిగేసరికి వాకర్‌తో ఇంటికొచ్చాం. బియ్యం డబ్బా మూత తీస్తే వాచీ అక్కడే ఉంది.

మూడో నెలలో చెప్పేశాను. ఆయన పాదం కింద బంతి పెట్టి దొర్లిస్తున్నారు. వాచీ తెచ్చి ముందు పెట్టి జరిగింది చెప్పాను. ఆసుపత్రిలో పడవ పని అన్న సంగతి కూడా. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నారు, "ఇచ్చినా పెట్టుకునేవాణ్ణి కాదులే అని నీకోసం అబద్ధం చెప్పలేను రత్నం. వాడు పంపాడంటే పెట్టుకునేవాణ్ణి." ఆ మీదట, "నాకు చెప్పావు సరే. తిట్లు తిన్నది సుజాత" అన్నారు.

శ్రీను వాళ్లింటికి వెళ్లాను. సుజాత రొయ్యలు వలుస్తోంది.

"వాచీ నేనే దాచానమ్మాయ్."

"తెలుసక్కా. నీ చేతికిచ్చింది నేనే కదా."

"మరి నీ మీద ఎందుకేసుకున్నావ్?"

"అప్పుడు బావగారికి నువ్వు కావాలి. నా మీద కోపం వచ్చినా ఏం పోదు."

ఆ మాటకి నాకు ఏడుపు రావాలి. ముందు కుళ్లొచ్చింది, అలాంటి మాట నాకెందుకు తోచదని. ఏడుపు తర్వాత వచ్చింది. ఆ సాయంత్రమే శ్రీనుని పిలిచి, దాని ముందే ఉన్నది చెప్పాను. వాడు నాలుగు నెలలు నన్ను వదినా అని పిలవలేదు. ఇప్పుడు పిలుస్తున్నాడు.

ఇదంతా జరిగి రెండేళ్లయింది. మా ఆయన కర్ర పట్టుకుని రేవు దాకా నడుస్తారు. ఎడమ పాదానికి వేడీ చల్లా తెలీదు. "ఇక నీళ్లలో దిగొద్దు" అన్నారు డాక్టరుగారు. ఆయన దిగరు. శ్రీను దిగే రోజున చాప మాత్రం మా అరుగు మీదే వేస్తాం. ఆయన కుర్చీలో కూర్చుని కర్రతో చూపిస్తారు, అడగడం నా వంతు. ఇది ఎందుకు? శ్రీను జవాబు చెప్పలేకపోతే ఆ వస్తువు ఇంట్లో ఉండిపోతుంది. రెండో టార్చీ, తాడు చుట్ట అలాగే తీసేశారు. వలలో తగులుకుంటాయన్న మా ఆయన మాటా నిజమే మరి. చిన్న సిలిండరు ఎందుకని అడిగితే, "పెద్దది మొండికేస్తే" అన్నాడు. వాచీ ఎందుకని అడిగితే, "నా అంచనా తప్పితే" అన్నాడు. అలాంటి జవాబున్న వస్తువుని బరువని తియ్యనివ్వం.

నేను చెప్పేది ఇదొక్కటే. మీ ఇంట్లో మనిషి దిగే ముందు సామాను పరవమని, ఒక్కొక్కటీ ముట్టుకుని అడగండి. నీకెందుకే అంటే మళ్లీ అడగండి. ఏం కట్టుకెళ్లాడో ఇంట్లో ఒకరికి తెలిసుండాలి, ఏం పని చేసొచ్చాడో ఆ మనిషే ఆసుపత్రిలో మొదటి మాటగా చెప్పాలి.

అన్నీ అడగడం అయ్యాక చివర్లో సుజాత వాచీ నా చేతిలో పెడుతుంది, "నువ్వు కట్టక్కా" అని. శ్రీను చెయ్యి చాస్తాడు. ఆ చెయ్యి నా మొగుడిది కాదే అని ఇప్పటికీ ఒకసారి కుళ్లు పుడుతుంది. అయినా బిగించే కడతాను. కట్టి, ఊడుతుందేమోనని రెండుసార్లు లాగి చూస్తాను.