పైనుంచి రావాలె

గద్వాల పక్కన గట్టు మండలంలోని మా ఊరికి 2001లో ఈదన్న సర్పంచ్ అయ్యాడు. అంతకుముందు రచ్చకట్ట మీద అందరినీ దులిపేసే మనిషి. కుర్చీ ఎక్కాక ఆయన నోట ఒక్క ముక్కే మిగిలింది: "పైనుంచి రావాలె." వీధి దీపం వెలగకపోయినా అదే, మురికి కాలువ పొంగినా అదే. ఊరిని ఊరే ఏలుకోవాలని రాజ్యాంగాన్ని సవరించి మరీ అధికారం చేతికిస్తే, ఈ మహానుభావుడు దాన్ని కండువాలా భుజాన వేసుకొని తిరిగాడు.

రెండేళ్లకు, నడి ఎండాకాలంలో, ఊరికున్న ఒకే ఒక్క తాగునీటి బోరు మోటారు కాలిపోయింది. ఆడవాళ్లు బిందెలతో పొలాల బావులకు నడక మొదలుపెట్టారు. శంకరమ్మ కోడలు రాధిక నెలలు నిండిన మనిషి. నీళ్ల బిందెతో బావి దగ్గర జారిపడింది. అదృష్టం బాగుండి కడుపులో బిడ్డకేమీ కాలేదు. శంకరమ్మ నేరుగా పంచాయతీ ఆఫీసుకొచ్చింది.

"ఇంటిపన్ను కడ్తున్నం గద ఈదన్నా, జర మోటారు బాగు చేయించు. ఇంకోపారి పడితే నా కోడలు బతకదు."

"నా చేతుల ఏముందమ్మా? పైనుంచి రావాలె."

ఆ వారమే జిల్లా నుంచి ఒక అధికారి వచ్చాడు. సంగతి విని ఈదన్న మీద మండిపడ్డాడు.

"బోరు బాగు చేయించడం మీ పంచాయతీ పనేనయ్యా! పైవాళ్లను అడగక్కర్లేదు."

ఈదన్న చేతులు కట్టుకున్నాడు. "గా ముక్కనే పైనుంచి జర రాసి పంపియ్యుండ్రి సార్. చేయిస్త."

అధికారి తల పట్టుకున్నాడు. పక్కనే నిలబడి వింటున్న నాకైతే ఉమ్మెయ్యాలనిపించింది.

మర్నాడు శంకరమ్మ ఆడవాళ్లను కూడగట్టి, తలా ఇంత వేసుకొని, గద్వాల నుంచి మెకానిక్‌ను పిలిపించింది. మోటారు బయటికి లాగుతుంటే ఈదన్న పరుగెత్తుకొచ్చాడు.

"ఎవల్నడిగి తీస్తుండ్రు?"

శంకరమ్మ తాడు వదల్లేదు. "నీళ్లు కిందినుంచి వస్తయి ఈదన్నా. పైనుంచి చినుకు రాక రెండేండ్లాయె."

సాయంత్రానికి నల్లాల్లో నీళ్లొచ్చాయి. రాధిక వాకిట్లోనే బిందె నింపుకుంది.

వారం తిరక్కుండానే ఈదన్న నీళ్ల ట్యాంకు మీద ఎర్రరంగుతో బారెడు అక్షరాలు రాయించాడు: 'సర్పంచ్ ఈదన్న గారి కృషి ఫలితం.' ఆ రాతకు మాత్రం పైనుంచి ఏమీ రానక్కర్లేకపోయింది.