జపంలో మిగతా సగం

నా చిన్నప్పుడు కవిటి దాటాక కొబ్బరితోటల మధ్య మాదొక వీధి ఉండేది. అందులో వెయ్యి గడపలు, అన్నీ కతోలికులవే. రాశాక చూసుకుంటే వెయ్యి మరీ ఎక్కువైంది. ఈ చివర కేకేస్తే ఆ చివరింటివాళ్ళు పలికేటంత వీధి. కతోలికులన్నది మాత్రం నిజం. ఫాదరుగారు నెలకోసారి సైకిలు మీద వచ్చి పూజ చేసి వెళ్ళేవారు. నేను లాటిను గడగడా అప్పజెబుతుంటే ఆయనే నోరు తెరుచుకుని చూసేవారు. ఇదీ అబద్ధమే. నాకు వచ్చింది ఆమెన్ ఒక్కటే, అదీ అందరికంటే ముందు అనేసేవాణ్ణి.

తరువాత ఊళ్ళో జీడిపిక్కల షెడ్డులో కొత్త మందిరం పెట్టారు. మా నాన్న జ్వరంతో మంచం పట్టినప్పుడు అక్కడి పాస్టరుగారు వచ్చి తలమీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. జ్వరం దిగింది. నాన్న, ఆయన వెనకే అమ్మ, ఆఖరికి మా తాత కూడా సముద్రంలో మునిగి మళ్ళీ బాప్తిస్మం పుచ్చుకున్నారు. బొమ్మలకి మొక్కకూడదని పాస్టరుగారు చెప్పడంతో కొన్నాళ్ళకి వీధిలో ఒక్కో ఇంటి నుంచీ మరియమ్మ తల్లి బొమ్మ వెళ్ళిపోయింది. మా నాయనమ్మ ఒక్కతే కదల్లేదు. తన బొమ్మను వంటింటి గూట్లో పెట్టుకుంది.

ఇక్కడ జపమాల సంగతి చెప్పాలి. ఒకరు మరియమ్మ తల్లిని పిలిచే జపంలో మొదటి సగం చెబితే, మిగతా సగం కూడినవాళ్ళు అందుకోవాలి. అప్పుడు ఒక పూస జరుగుతుంది. ఒంటరివాళ్ళు రెండు సగాలూ తామే చెప్పుకోవచ్చని ఫాదరుగారు అన్నారు గానీ నాయనమ్మకి అది మనస్కరించలేదు. "నానే పిలిసి నానే పలకడానికి నానేటి పిచ్చిదాన్నా?" అనేది. కోడలిగా వచ్చి ఇంటికి పెద్దదైన నాటి నుంచీ మొదటి సగం ఆమెది, రెండోది ఇంటిల్లిపాదిదీ.

అందుకని సాయంత్రం దీపం పెట్టి మొదటి సగం చెప్పేది. చెప్పి, జవాబుకి పట్టేంత సేపూ ఊరుకునేది. తోటలో కొబ్బరాకుల చప్పుడు వినిపించేది. అప్పుడు పూస జరిపేది. నేను పక్కనే కూర్చునేవాణ్ణి. నోరు విప్పితే తాట వలుస్తానని నాన్న చెప్పి ఉంచాడు. ఆ ఊరుకున్నంత సేపూ ఆమె నా వైపు చూసేది కాదు. నాకు ఇబ్బంది అవుతుందనే అయి ఉంటుంది.

ఒక వానాకాలం సాయంత్రం మొదటి సగం చెప్పి ఆగింది. పూస జరపలేదు. మళ్ళీ అదే మొదటి సగం ఎత్తుకుంది, ఈసారి గొంతు సన్నగిల్లింది. మళ్ళీ ఎత్తుకోలేక మాల ఒళ్ళో పడేసుకుంది. ఇంక ఈమె జపం మానేస్తుందని నాకు అర్థమైపోయింది.

అప్పుడు అరుగు మీంచి మా తాత గొంతు ఉరుములా లేచి ఇచ్ఛాపురం దాకా వినిపించింది. అంత లేదు లెండి. దగ్గుతో కలిసి గడప దాకా వచ్చిందంతే. వంటింటి వైపు వీపు పెట్టి, కొబ్బరికాయ పీచు తీస్తూనే, ఆయన మిగతా సగం మొత్తం చెప్పాడు.

నాన్న పెరట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. "ఏటి నాన్నా, మునిగినోడివి మళ్ళీ బొమ్మకి మొక్కుతన్నావా?"

"బొమ్మకి నానేటి మొక్కనేదురా. మీ యమ్మ పిలిసింది, నాను పలికినాను. పెళ్ళాం పిలిత్తే పలకొద్దని ఏ వాక్యంలో ఉందో సూపించు."

"నాను పిలిసింది మరియమ్మ తల్లిని. నిన్ను కాదు," అంది నాయనమ్మ లోపల్నుంచి.

"ఆ తల్లి దూరంలో ఉంది. నాను దగ్గర్న ఉన్నాను. కానీ, రెండో పూసెత్తు."

నాన్న మళ్ళీ పెరట్లోకి వెళ్ళిపోయాడు. నాయనమ్మ ముక్కు చీదుకుని రెండో పూస ఎత్తుకుంది. ఆ తరువాత తాత ప్రతి ఆదివారమూ మందిరానికే వెళ్ళాడు, ప్రతి సాయంత్రమూ అరుగు మీంచి పలికాడు. ఆయన బొమ్మ దగ్గరికి తిరిగి రాలేదు, ఆమె మందిరానికి వెంట వెళ్ళలేదు.

ఆ రోజు నుంచి నాకొక గుణం అంటుకుంది. ఎవరైనా సగంలో ఆగితే నా నోరు ఊరుకోదు. మా ఆవిడ పోయాక ఇంట్లో సగంలో ఆగే మనిషే లేదు. పిల్లల్లో ఒకడు మందిరం, అమ్మాయి అత్తవారి గుడి, చిన్నవాడు ఎక్కడికీ వెళ్ళడు. మా ఉద్దానం వైపు ఇంతమందికి వచ్చిన కిడ్నీ జబ్బే నాకూ వచ్చి పలాసలో డయాలసిస్‌కి పడుకుంటున్నాను. పక్క మంచం టెక్కలి ముసలాయనది. సూది గుచ్చేటప్పుడు "గోవిందా" అని ఆగుతాడు. తిరుపతి మెట్ల మీద తను అంటే వెనక జనం అందుకున్న అలవాటు కాబోలు. నేను "గోవిందా" అంటాను. వార్డంతా గొంతు కలిపిందని రాద్దామనుకున్నాను. ఎవరూ కలపలేదు, ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటున్నారు.

నా వంతు వచ్చినప్పుడు నా మొదటి సగం నేనూ చెప్పి ఆగుతాను. ఆయనకు మా జపం రాదు. కళ్ళు తెరిచి కాసేపు ఆలోచించి, కథ వింటున్నవాడిలా "ఊఁ" అంటాడు.