బాలమణి పెద్దమ్మ పట్టిన బ్రేకు

బ్రేక్ ఆయిల్‌కు పెద్ద వాసనేమీ ఉండదు. కొంచెం ఆముదంలా, కొంచెం మందుల షాపులా ఉంటుంది. మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంటు పార్కింగులో కొత్త డబ్బా సీలు తీయగానే ఆ వాసన ముక్కుకు తగిలి బాలమణి పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆవిడ నాకు చుట్టం కాదు. యూసుఫ్‌గూడలో నేను ఒకప్పుడు అద్దెకున్న ఇంటి యజమానురాలు. బండి నడపడం రాదు, బండిలో ఏది ఎక్కడుంటుందో తెలియదు, తెలుసుకోవాలన్న కోరిక అంతకన్నా లేదు. అయినా నేను ఇవాళ ధైర్యంగా బండి నడుపుతున్నానంటే అది ఆవిడ చలవే.

అప్పట్లో నేను మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని. మాది గుంటూరు వైపు. ఆడపిల్లకు స్కూటీ చాలదా అని ఇంట్లో అందరూ మొత్తుకున్నా, మంకుపట్టు పట్టి మోటారుసైకిల్ కొనుక్కున్నాను. ఒక సాయంత్రం మా చెల్లెలు లతను వెనక కూర్చోబెట్టుకుని పంజగుట్ట ఫ్లైఓవర్ దిగుతుంటే, ముందు బ్రేకు లీవరు మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేసింది. వెనక బ్రేకు తొక్కి, రెండు కాళ్లూ రోడ్డుకు రాసి, ముందున్న ఆటోకు జానెడు దూరంలో ఎలాగో ఆపాను. ఎవరికీ ఏమీ కాలేదు. లత మాత్రం మెల్లగా దిగి, "అక్కా, నేను మెట్రోలో వస్తాలే. నువ్వేమీ అనుకోకు," అంది. తిట్టినా బాగుండేది.

మెకానిక్ ఏదో చేసి "సెట్ అయిపోయింది మేడమ్" అన్నాడు. కొన్నాళ్లకే లీవరు మళ్లీ మెత్తబడింది. బండిని మెట్ల కింద పెట్టేసి షేర్ ఆటోల్లో తిరగడం మొదలుపెట్టాను. నిజానికి బండి మీద కంటే నా చేతుల మీదే నాకు నమ్మకం పోయింది. ఇంకో ప్రాణాన్ని వెనక కూర్చోబెట్టుకునే అర్హత నాకు లేదనిపించింది. బండి అమ్మేస్తానని పెద్దమ్మతో అన్నాను.

"అమ్ముకో, ఎవలొద్దన్నరు? గని బాగు చేసి అమ్ము. పాడైన బండి ఇంకొకల నెత్తిన పెడ్తవా?" అంది.

ఆ మాట గుచ్చుకుంది. వీడియోలు చూసి పని నేర్చుకున్నాను. బ్రేకు గొట్టంలో గాలి చేరితే లీవరు మెత్తబడుతుంది. ఆ గాలిని తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పైన లీవరు నొక్కి పట్టుకుంటే, రెండోవారు కింద చక్రం దగ్గరున్న చిన్న నట్టు వదులు చేస్తారు. పాత ఆయిల్, దాంతోపాటు గాలి బుడగలు బయటికొస్తాయి; తగ్గినంత కొత్త ఆయిల్ పైన పోస్తూ ఉండాలి. నట్టు బిగించాకే లీవరు వదలాలి. ముందే వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. ఆ మధ్యాహ్నం రెండో మనిషి కోసం చూస్తే ఇంట్లో ఉన్నది పెద్దమ్మ ఒక్కతే. చింతపండు పిసుకుతున్న చెయ్యి కడుక్కుని, కొంగు నడుముకు దోపుకుని వచ్చింది.

నేను నట్టు తిప్పగానే లీవరు ఆవిడ చేతిలో హ్యాండిల్ దాకా దిగిపోయింది. అలా దిగాలనే చేస్తున్నామని చెప్పడం మర్చిపోయాను.

"అవ్వో! ఇరిగింది బిడ్డా! నేనేం చెయ్యలే!" అని టక్కున వదిలేసింది. పని మళ్లీ మొదటికొచ్చింది.

"వదలొద్దన్నాను కదా పెద్దమ్మా!" అన్నాను, ఒళ్లు మండి.

"ఎప్పటిదాక ఇడువొద్దు? నువ్వు కింద కూసోని ఏం జేస్తున్నవో నాకెట్ల ఎర్క?"

న్యాయమైన ప్రశ్నే. ఆవిడ ఒక పీట లాక్కుని కూర్చుని, భర్తతో కలిసి నడిపిన పిండి గిర్ని సంగతి చెప్పింది. "ఆ సప్పుడుకు ఏం ఇనరాకపోయేది. మా ఆయన గిర్ని చక్రం మీది బెల్టు పట్టా సదురుతుంటే నేను మోటరు కాడ నిలవడేదాన్ని. 'ఎయ్యాల్నా?' అని నేను అడగాలె. 'ఎయ్యి' అని ఆయన అనాలె. జవాబు ఇనకుంట ఏనాడు బటన్ ఒత్తలే. కొట్లాడి మాటలు బందైన రోజు సుత ఆ రెండు మాటలు మాత్రం ఉండె. అందుకే మా ఆయన పది వేళ్లతోని పోయిండు."

ఆ తర్వాత మా పని గిర్ని పద్ధతిలో సాగింది.

"పట్టిన!"

"తిప్పుతున్నా!"

"ఆఁ, తిప్పు!"

"మూశాను!"

"మూసినవా?"

"మూశాను పెద్దమ్మా!"

"అయితే ఇడుస్తున్న!"

వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. డికాక్షన్ రంగులో వచ్చిన ఆయిల్ మెల్లగా తేటబడింది. బుడగలు ఆగిపోయాయి. లీవరు గట్టిపడింది. ముందు నేనొక్కదాన్నే సందులో అటూ ఇటూ నడిపి, బ్రేకు వేసి చూసుకుని వచ్చాను. వచ్చేసరికి పెద్దమ్మ చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంది.

"పా, పంజగుట్ట పోదాం."

"ఇవాళ వద్దు. ముందు ఎవరికైనా చూపిద్దాం," అన్నాను.

"ఇంకెవలికి? నువ్వు మూసిన అంటే మూసినవ్. నీ మాట నమ్మి ఇంతసేపు పట్టిన. నీ ఎనక కూసోనీకి నాకేం భయం?"

కొప్పు విప్పి, లత హెల్మెట్ తగిలించుకుని, ఒక చెయ్యి నా భుజం మీద వేసి కూర్చుంది. ఫ్లైఓవర్ దిగేటప్పుడు నా వేళ్లు ముందుగానే లీవరు మీదికి చేరాయి. కింద ఎర్ర లైటు పడింది. లీవరు నొక్కాను. బండి బుద్ధిగా ఆగింది. హెల్మెట్ లోపల నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నెలల తరబడి గుండెల మీదున్న బరువు అక్కడ, ఆ సిగ్నల్ దగ్గర దిగిపోయింది.

"ఆగింది గదా! ఇగ ఏడుస్తవెందుకు?" అంది పెద్దమ్మ.

ఆవిడ ఇప్పుడు లేదు. బండి మాత్రం నేను అమ్మలేదు. ఇద్దరు కలిసి చేసే పని ఏదైనా సరే, అవతలివాళ్లు బదులు చెప్పేదాకా నా చెయ్యి కదలదు. సోఫా జరపాలన్నా అడిగి, విని, అప్పుడు ఎత్తుతాను. మా ఆయన వేళాకోళం చేస్తాడు. చేసుకోనీ.

లత మళ్లీ నా బండెక్కడానికి చాలాకాలం పట్టింది. ఎక్కాక కూడా వెనక కడ్డీని రెండు చేతులా బిగించి పట్టుకునేది. మొన్న ఆదివారం లీవరు పట్టింది తనే. పనయ్యాక ఇద్దరం బయల్దేరాం. పంజగుట్ట ఫ్లైఓవర్ దిగేసరికి ఎర్ర లైటు. ఆపాను. అద్దంలో చూస్తే రెండు చేతులతో ఫోన్ పట్టుకుని ఎవరికో మెసేజ్ కొడుతోంది.

"ఏంటక్కా, వచ్చేశామా?" అంది, తలెత్తకుండానే.